దుబాయ్‌లో సొంత కంపెనీ.. లైసెన్సు చేతికొస్తే సరిపోదు

జగిత్యాల: ఉత్తర తెలంగాణలోని జగిత్యాల, రాజన్న సిరిసిల్ల, నిజామాబాద్, కామారెడ్డి, నిర్మల్ జిల్లాల నుంచి, ఆంధ్రప్రదేశ్‌లోని కోనసీమ, పశ్చిమగోదావరి, కడప, అన్నమయ్య జిల్లాల నుంచి గల్ఫ్‌కు వలస దశాబ్దాలుగా సాగుతోంది. మేస్త్రీలుగా, ఏసీ మెకానిక్‌లుగా, డ్రైవర్లుగా, వంటవారుగా వెళ్లినవారిలో కొందరు పదిహేను, ఇరవై ఏళ్లు గడిచాక 'ఎన్నాళ్లని ఒకరి కింద పనిచేయడం?' అన్న ఆలోచనకు వస్తున్నారు. పని తెలుసు. పని ఇచ్చేవారు తెలుసు. చేతిలో కాస్త పొదుపు ఉంది. క్లీనింగ్, ఏసీ మరమ్మతులు, పెయింటింగ్, టిఫిన్ సెంటర్, కిరాణా వంటి వ్యాపారం సొంతంగా పెట్టుకుంటే బాగుంటుందన్న ఆశ సహజం.

యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ (యూఏఈ)లో ఇప్పుడు విదేశీయుడు తన పేరుతోనే కంపెనీ నమోదు చేసుకోవచ్చు. లైసెన్సు రావడం ఒకప్పటి కన్నా సులభమైంది. అయితే ఆ కాగితంతో పాటు పన్నులు, జీతాలు, వీసాలు, బ్యాంకు లెక్కలు, చివరకు మూసివేత బాధ్యత కూడా యజమాని నెత్తిన పడుతున్నాయి. ఇవి తెలియక అడుగు వేస్తే సంవత్సరాల కష్టార్జితం జరిమానాలకే సరిపోయే ప్రమాదం ఉంది. ఈ నేపథ్యంలో నమోదు నుంచి మూసివేత వరకు తెలుసుకోవలసిన విషయాలు ఇవీ..

నాడు కఫీల్ వాటా 51 శాతం

యూఏఈ ఏడు ఎమిరేట్ల సమాఖ్య. 1984 నాటి కంపెనీల చట్టం ప్రకారం, ఆ తర్వాత వచ్చిన 2015 చట్టం ప్రకారం కూడా ఫ్రీ జోన్ల వెలుపల కంపెనీ పెట్టాలంటే కనీసం 51 శాతం వాటా స్థానిక పౌరుడి పేరిట ఉండాలి. పెట్టుబడి, శ్రమ విదేశీయుడివైనా కాగితం మీద పెద్ద వాటాదారు స్థానికుడే. అతనికి ఏటా కొంత మొత్తం ముట్టజెప్పి, పక్కన వేరే ఒప్పందం రాసుకుని వ్యాపారం సాగించడం అప్పట్లో పరిపాటిగా ఉండేది. సంబంధాలు బాగున్నంత కాలం బాగానే ఉండేది. తేడా వస్తే మాత్రం రిజిస్టరులో ఉన్న పేరుకే బలం.

2020లో జరిగిన చట్ట సవరణతో ఈ పరిస్థితి మారింది. 2021 జూన్ 1 నుంచి అధిక శాతం వ్యాపారాల్లో విదేశీయులకు నూరు శాతం వాటాకు అవకాశం లభించింది. 2022 జనవరి 2న అమల్లోకి వచ్చిన కొత్త వాణిజ్య కంపెనీల చట్టం దీన్ని కొనసాగించింది. బ్యాంకింగ్, బీమా, టెలికం, భద్రత, రక్షణ వంటి కొన్ని 'వ్యూహాత్మక' రంగాలకు మాత్రం వేరే నిబంధనలు ఉన్నాయి. ఏయే వ్యాపారాల్లో పూర్తి వాటా ఇవ్వాలన్నది ఆయా ఎమిరేట్ల ఆర్థికాభివృద్ధి శాఖలు జాబితాల రూపంలో నిర్ణయిస్తాయి. కనుక దుబాయ్‌లో వర్తించినది షార్జాలోనూ వర్తిస్తుందని అనుకోరాదు. 'స్థానిక భాగస్వామి లేకుండా కుదరదు' అని ఎవరైనా చెబితే, తాను పెట్టదలచిన వ్యాపారం జాబితాలో ఉందో లేదో ముందుగా సంబంధిత శాఖలో విచారించుకోవడం మేలు.

మెయిన్‌ల్యాండా.. ఫ్రీ జోనా?

మొదట తేల్చుకోవలసిన ప్రశ్న ఇది. ఎమిరేట్ ఆర్థికాభివృద్ధి శాఖ ఇచ్చేది మెయిన్‌ల్యాండ్ లైసెన్సు. దుబాయ్‌లో ఈ బాధ్యత ఆర్థిక, పర్యాటక శాఖది. ఫ్రీ జోన్లు అలా కాదు. వాటికి సొంత అధికార సంస్థలు, సొంత నిబంధనలు ఉంటాయి. 1985లో జెబెల్ అలీతో మొదలైన ఈ ప్రత్యేక మండలాలు ఇప్పుడు దేశంలో నలభైకి పైగా ఉన్నాయి. విదేశీయులకు నూరు శాతం వాటా వీటిలో మొదటి నుంచీ ఉంది.

ఫ్రీ జోన్ ప్యాకేజీ చవకగా కనిపించడంతో చాలామంది అటు మొగ్గు చూపుతారు. ఎగుమతి దిగుమతులు, కన్సల్టెన్సీ, సాఫ్ట్‌వేర్ వంటి పనులకు అది అనువైనదే. అయితే ఫ్రీ జోన్ లైసెన్సుతో ఊళ్లోకి వెళ్లి ఇళ్లలో ఏసీలు బాగుచేయడం, బస్తీలో దుకాణం తెరవడం నేరుగా కుదరదు. దుబాయ్‌లో 2025లో ఫ్రీ జోన్ కంపెనీలు ప్రత్యేక అనుమతి తీసుకుని మెయిన్‌ల్యాండ్‌లో కొన్ని పనులు చేసేందుకు వీలు కల్పించారు. ఆ అనుమతి తన పనికి వర్తిస్తుందో లేదో చూసుకోవాలి. ఖాతాదారులు ఎక్కడ ఉన్నారో లైసెన్సూ అక్కడే తీసుకోవాలన్నది స్థూలంగా పాటించదగిన సూత్రం.

అప్పు ఎవరి నెత్తిన?

రెండో ప్రశ్న సంస్థ స్వరూపం. ఒక్కరే యజమానిగా ఉండే ఏకవ్యక్తి సంస్థలో యజమానికీ సంస్థకూ చట్టం దృష్టిలో తేడా ఉండదు. సంస్థ చేసిన అప్పు యజమాని సొంత అప్పే. వ్యాపారం దెబ్బతింటే అతని వ్యక్తిగత ఆస్తి మీదికీ వస్తుంది.

పరిమిత బాధ్యత కంపెనీ, అంటే ఎల్ఎల్‌సీలో వాటాదారుడి బాధ్యత సాధారణంగా అతడు పెట్టిన పెట్టుబడికే పరిమితం. ఒక్కరి నుంచి 50 మంది వరకు వాటాదారులు ఉండవచ్చు. ఇంత మూలధనం ఉండి తీరాలన్న నియమం చట్టంలో లేదు. వ్యాపారానికి తగినంత ఉంటే చాలు. అలాగని ఎల్ఎల్‌సీ అన్ని విధాలా రక్షణ కవచం కాదు. వ్యక్తిగత హామీ సంతకం చేసినా, మేనేజర్‌గా ఉంటూ మోసానికి, చట్టోల్లంఘనకు పాల్పడినా సొంత బాధ్యత తప్పదు.

నమోదు ఇలా..

మెయిన్‌ల్యాండ్ కంపెనీకి దశలు స్థూలంగా ఇలా ఉంటాయి.

1. వ్యాపార కార్యకలాపం ఎంపిక: లైసెన్సు మీద రాసి ఉన్న పని మాత్రమే చేయాలి. క్లీనింగ్ లైసెన్సుతో ఎలక్ట్రికల్ పని చేస్తే ఉల్లంఘన కిందికి వస్తుంది. ఆహారం, ఆరోగ్యం, విద్య, రవాణా వంటి వాటికి ఆయా శాఖల అనుమతులు అదనం.

2. పేరు రిజర్వు చేసుకోవడం: దైవనామాలు, మతపరంగా అభ్యంతరకరమైన పదాలు పనికిరావు. దుబాయ్‌లో వ్యక్తి పేరు పెట్టాలంటే అతడు యజమాని లేదా వాటాదారుడై ఉండాలి. పొడి అక్షరాలు కాకుండా పూర్తి పేరు రాయాలి. ఇంటిపేరును ఒక్క అక్షరంతో రాసుకునే మనవారు పాస్‌పోర్టులో ఉన్నది ఉన్నట్లుగా అన్ని కాగితాల్లోనూ రాయించుకోవాలి. ఒకచోట ఒకలా, మరోచోట ఇంకోలా ఉంటే బ్యాంకులో చిక్కు వస్తుంది.

3. ప్రాథమిక అనుమతి: కంపెనీ పెట్టేందుకు అభ్యంతరం లేదని శాఖ ఇచ్చే పత్రం. దీనితో వ్యాపారం మొదలుపెట్టే అధికారం రాదు.

4. కంపెనీ ఒప్పంద పత్రం: వాటాలు, మేనేజర్ అధికారాలు, లాభనష్టాల పంపిణీ ఇందులో ఉంటాయి. న్యాయస్థానాల భాష అరబ్బీ. ఆంగ్ల ప్రతికీ అరబ్బీ ప్రతికీ తేడా ఉంటే అరబ్బీ ప్రతిదే పైచేయి. తెలియని భాషలోని పత్రంపై సంతకం చేసే ముందు గుర్తింపు పొందిన అనువాదకుడితో చదివించుకోవడానికి అయ్యే ఖర్చు వృథా కాదు.

5. చిరునామా: దుబాయ్‌లో అద్దె ఒప్పందాన్ని 'ఇజారీ' విధానంలో నమోదు చేయించాలి. ఎన్ని వీసాలు వస్తాయన్నది చాలా సందర్భాల్లో కార్యాలయ విస్తీర్ణాన్ని బట్టి ఉంటుంది.

6. రుసుం చెల్లింపు, లైసెన్సు జారీ: దీన్ని గడువు ముగిసేలోగా పునరుద్ధరించుకోవాలి.

7. ఆ తర్వాత ఎస్టాబ్లిష్‌మెంట్ కార్డు, వైద్య పరీక్ష, ఎమిరేట్స్ ఐడీ, యజమాని నివాస వీసా.

ప్రకటనల్లో కనిపించే ధర సాధారణంగా ఆరో దశ వరకే. అద్దె, వీసా, బీమా, బ్యాంకు కనీస నిల్వ, లెక్కల నిర్వహణ, మరుసటి ఏడాది పునరుద్ధరణ అందులో ఉండవు. టైపింగ్ సెంటర్ అయినా, కన్సల్టెన్సీ అయినా ప్రభుత్వ రుసుం ఎంత, తమ సేవా రుసుం ఎంత అన్నది విడివిడిగా రాసి ఇవ్వమని అడగాలి. రెండో ఏడాది ఖర్చు ఎంతో కూడా అప్పుడే అడగాలి. లైసెన్సు తీసుకున్న చాలామందికి కష్టం ఎదురయ్యేది రెండో ఏడాదిలోనే.

కొలువులో ఉండగానే కంపెనీ?

ఒకచోట ఉద్యోగం చేస్తూనే పక్కన కంపెనీ పెట్టాలనుకునేవారు ముందుగా తమ పని ఒప్పందం చదువుకోవాలి. అనేక సందర్భాల్లో ప్రస్తుత యజమాని నుంచి నిరభ్యంతర పత్రం అడుగుతారు. 2022 ఫిబ్రవరి 2 నుంచి అమల్లో ఉన్న కార్మిక చట్టం ప్రకారం, ఖాతాదారుల వివరాలు, వ్యాపార రహస్యాలు తెలిసే ఉద్యోగంలో ఉన్నవారితో 'పోటీ వ్యాపారం చేయరాదు' అన్న షరతు రాయించుకోవచ్చు. దీని కాలపరిమితి గరిష్ఠంగా రెండేళ్లు. పాత యజమాని ఖాతాదారులనే నమ్ముకుని వ్యాపారం మొదలుపెట్టేవారికి ఈ షరతు గుదిబండ కాగలదు.

బ్యాంకు తలుపు తట్టాలంటే..

లైసెన్సు వచ్చిన మర్నాడే ఖాతా తెరుచుకుంటుందని అనుకుంటే పొరపాటు. నల్లధన నిరోధక నిబంధనల వల్ల బ్యాంకులు పెట్టుబడి ఎక్కడి నుంచి వచ్చింది, ఖాతాదారులు ఎవరు, కంపెనీ అసలు యజమాని ఎవరు అన్నవి క్షుణ్ణంగా అడుగుతాయి. ఇరవై అయిదు శాతం, అంతకు మించి వాటా ఉన్నవారి వివరాలు నిజ యజమానుల రిజిస్టరులో నమోదు కావాలి. పాత జీతపు స్టేట్‌మెంట్లు, పొదుపు వివరాలు, పని ఇస్తామన్నవారి ఉత్తరాలు సిద్ధంగా ఉంచుకుంటే పని సులువవుతుంది. హవాలా మార్గంలో తెచ్చిన సొమ్ముకు చూపడానికి కాగితం ఉండదు. ఆ ఒక్క కారణంతోనే ఖాతా నిరాకరణకు గురికావచ్చు.

చెక్కుల విషయంలోనూ జాగ్రత్త అవసరం. ఖాతాలో సొమ్ము లేక చెక్కు తిరిగివచ్చిన కేసులను 2022 జనవరి నుంచి చాలావరకు నేరాల పరిధి నుంచి తప్పించారు. అయితే చెక్కు పట్టుకుని నేరుగా అమలు న్యాయస్థానానికి వెళ్లే హక్కు సొమ్ము రావలసినవారికి దక్కింది. అద్దెకు ముందస్తు చెక్కులు ఇవ్వడం అక్కడ మామూలే. ఆ తేదీలు మరిచిపోతే ఖాతా స్తంభన, ప్రయాణ నిషేధం వరకు వెళ్లవచ్చు.

'పన్ను లేని దేశం' అన్నది పాత మాట

2018 జనవరి 1 నుంచి యూఏఈలో 5 శాతం విలువ ఆధారిత పన్ను, అంటే వ్యాట్ అమల్లో ఉంది. పన్ను వర్తించే అమ్మకాలు ఏడాదికి 3,75,000 దిర్హాములు దాటితే నమోదు తప్పనిసరి.

కార్పొరేట్ పన్ను 2023 జూన్ 1 నుంచి, ఆ తర్వాత మొదలైన ఆర్థిక సంవత్సరాలకు వర్తిస్తోంది. పన్ను విధించదగిన ఆదాయంలో 3,75,000 దిర్హాముల వరకు సున్నా, ఆపైన 9 శాతం. ఇక్కడే చాలామంది పొరబడుతున్నారు. 'లాభమే లేదు, ఇంకా పన్నేమిటి' అని ఊరుకుంటున్నారు. పన్ను కట్టవలసిన అవసరం లేకపోయినా కంపెనీ నమోదు చేసుకోవాలి, రిటర్ను దాఖలు చేయాలి. 2024 మార్చి 1 తర్వాత ఏర్పడిన కంపెనీలకు నమోదు గడువు ఏర్పాటైన నాటి నుంచి మూడు నెలలు. గడువు దాటితే జరిమానా 10,000 దిర్హాములు. ఆర్థిక సంవత్సరం ముగిశాక తొమ్మిది నెలల్లోగా రిటర్ను వేయాలి. లెక్కల కాగితాలు ఏడేళ్లు భద్రపరచాలి. కంపెనీ కాకుండా ఏకవ్యక్తి సంస్థగా ఉన్నవారికి క్యాలెండరు సంవత్సరంలో వ్యాపార రాబడి పది లక్షల దిర్హాములు దాటితేనే ఈ పన్ను పరిధి మొదలవుతుంది.

రాబడి 30 లక్షల దిర్హాములు మించని చిన్న వ్యాపారులకు 2026 డిసెంబరు 31లోగా ముగిసే పన్ను కాలాలకు ప్రత్యేక ఉపశమనం ఇచ్చారు. అది దానంతటదే రాదు. రిటర్నులో కోరుకోవాలి. ఫ్రీ జోన్ కంపెనీలకూ పన్ను నమోదు తప్పదు. అర్హత షరతులు నెరవేర్చిన ఆదాయానికి మాత్రమే అక్కడ సున్నా శాతం వర్తిస్తుంది.

మనవాళ్లని విజిట్ వీసా మీద పెట్టుకుంటే..

వ్యాపారం మొదలుకాగానే ఊరి నుంచి తమ్ముడినో, మేనల్లుడినో విజిట్ వీసా మీద రప్పించి పనిలో పెట్టుకోవడం కనిపించే అలవాటు. ఇది పెను ప్రమాదం. పని అనుమతి లేకుండా మనిషిని పెట్టుకున్న యజమానికి 2024లో సవరించిన చట్టం లక్ష నుంచి పది లక్షల దిర్హాముల వరకు జరిమానా నిర్దేశిస్తోంది. మూడునాలుగేళ్ల లాభం ఒక్క తనిఖీతో తుడిచిపెట్టుకుపోవచ్చు. మనిషి సొంతవాడైనా చట్టం మినహాయింపు ఇవ్వదు.

కార్మికులకు జీతం బ్యాంకుల ద్వారా నమోదయ్యే జీతాల రక్షణ విధానం 2009 నుంచి ఉంది. ఏడాది సేవ పూర్తిచేసిన కార్మికుడికి మొదటి అయిదేళ్లకు ఏడాదికి 21 రోజుల మూల వేతనం, ఆపైన ఏడాదికి 30 రోజుల మూల వేతనం చొప్పున గ్రాట్యుటీ ఇవ్వాలి. 2025 జనవరి 1 నుంచి అన్ని ఎమిరేట్లలోనూ పని అనుమతికి ఆరోగ్య బీమా తప్పనిసరి అయింది. నిన్నటి వరకు జీతం ఆలస్యమైతే బాధపడిన మనిషే నేడు జీతం ఇవ్వవలసిన స్థానంలో ఉంటాడన్నది మరువరాదు.

పేరు అరువిస్తే తిప్పలే

'నీ పేరు మీద లైసెన్సు తీసుకుందాం, పెట్టుబడి నాది, నెలనెలా నీకింత' అని చెప్పేవారి పట్ల అప్రమత్తంగా ఉండాలి. రిజిస్టరులో వాటాదారుగా, మేనేజర్‌గా ఎవరి పేరు ఉందో నోటీసులు వారికే వస్తాయి. అసలు పెట్టుబడిదారు విమానం ఎక్కి వెళ్లిపోతే అప్పులు, జీతాల బకాయిలు, చెక్కులు పేరు ఇచ్చినవాడి మెడకు చుట్టుకుంటాయి. బంధుత్వం, ఊరి పరిచయం ఉన్నా వాటాలు, అధికారాలు నోటరీ ఎదుట రాసిన పత్రంలో ఉండాలి. మాట మీద సాగిన భాగస్వామ్యాన్ని న్యాయస్థానంలో రుజువు చేయడం కష్టం.

తలుపు వేసినంత మాత్రాన మూసినట్లు కాదు

వ్యాపారం కలిసిరాకపోతే తాళం వేసి ఇంటికి వచ్చేయడం అన్నిటికన్నా పెద్ద పొరపాటు. లైసెన్సు పునరుద్ధరించకపోతే జరిమానాలు పెరుగుతాయి. వీసాలు రద్దుకాని కార్మికులు చిక్కుల్లో పడతారు. మళ్లీ ఎప్పుడైనా ఆ దేశంలో అడుగుపెడితే బకాయిలు ఎదురవుతాయి.

ఎల్ఎల్‌సీని మూసివేయాలంటే వాటాదారులు తీర్మానం చేసి లిక్విడేటరును నియమించాలి. అప్పులవాళ్లకు తెలిసేలా ప్రకటన ఇవ్వాలి. దుబాయ్‌లో ఇందుకు 45 రోజుల గడువు ఉంటుంది. కార్మికుల బకాయిలు చెల్లించి వీసాలు రద్దు చేయించాలి. కరెంటు, టెలిఫోన్, అద్దె ఖాతాలు తేల్చుకోవాలి. వ్యాట్ నమోదు రద్దుకు 20 పనిదినాల్లోగా, కార్పొరేట్ పన్ను నమోదు రద్దుకు వ్యాపారం ఆగిన నాటి నుంచి మూడు నెలల్లోగా దరఖాస్తు చేయాలి. కార్పొరేట్ పన్ను గడువు దాటితే నెలకు 1,000 దిర్హాముల చొప్పున 10,000 వరకు జరిమానా పడుతుంది. అందుకే మూసివేతకు అయ్యే ఖర్చును ప్రారంభంలోనే పక్కన పెట్టుకోవడం వివేకం.

ఇంటి వైపు లెక్కలు

ప్రవాసిగా ఉంటూ అక్కడి సంపాదనతోనే పెట్టుబడి పెట్టేవారికి భారత విదేశీ మారక ద్రవ్య చట్టం, అంటే ఫెమాతో పెద్దగా చిక్కు లేదు. ప్రవాసిగా ఉన్నప్పుడు సంపాదించిన విదేశీ ఆస్తిని స్వదేశానికి తిరిగి వచ్చాక కూడా ఉంచుకోవచ్చని ఆ చట్టంలోని 6(4) సెక్షన్ చెబుతోంది. అయితే తిరిగివచ్చి ఆదాయపు పన్ను చట్టం దృష్టిలో సాధారణ నివాసి అయిన తర్వాత విదేశీ కంపెనీ వాటాలను, బ్యాంకు ఖాతాలను రిటర్నులో చూపాలి. దాచిపెడితే 2015 నల్లధన చట్టం కింద పది లక్షల రూపాయల జరిమానాకు అవకాశం ఉంది. స్థిరాస్తి మినహా ఇతర విదేశీ ఆస్తులు మొత్తం కలిపి 20 లక్షల రూపాయలు మించకపోతే 2024 అక్టోబరు 1 నుంచి ఈ జరిమానా నుంచి సడలింపు ఇచ్చారు.

ఊళ్లో ఉన్న అన్నదమ్ములు వాటాదారులుగా చేరాలనుకుంటే దారి వేరు. స్వదేశంలో నివసించే వ్యక్తి ఆర్థిక సంవత్సరానికి రెండున్నర లక్షల అమెరికన్ డాలర్ల పరిమితికి లోబడి, బ్యాంకు ద్వారానే పంపాలి. 2022 ఆగస్టు 22 నుంచి అమల్లోకి వచ్చిన విదేశీ పెట్టుబడి నిబంధనల ప్రకారం మొదటి చెల్లింపునకు ముందే బ్యాంకు ద్వారా ప్రత్యేక గుర్తింపు సంఖ్య పొందాలి. ఆ తర్వాత ఏటా డిసెంబరు 31లోగా దాఖలు చేయవలసిన నివేదిక గురించి కూడా బ్యాంకులోనే తెలుసుకోవాలి.

సంతకానికి ముందు..

తాను పెట్టదలచిన వ్యాపారానికి నూరు శాతం వాటా ఉందా, ఖాతాదారులు మెయిన్‌ల్యాండ్‌లో ఉన్నారా, అరబ్బీ పత్రంలో ఏముంది, రెండో ఏడాది ఖర్చు ఎంత, మూసివేయవలసి వస్తే ఎంత? ఈ అయిదు ప్రశ్నలకు కాగితం మీద సమాధానం దొరికాకే సంతకం చేయాలి. రుసుములు, నిబంధనలు మారుతూ ఉంటాయి. కనుక చివరి మాట సంబంధిత ఎమిరేట్ శాఖ నుంచి, పన్నుల విషయంలో ఫెడరల్ ట్యాక్స్ అథారిటీ నుంచే తీసుకోవాలి. ఆపదలో ఉన్నవారికి దుబాయ్‌లోని భారత కాన్సులేట్‌కు అనుబంధంగా ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం సేవలందిస్తోంది.

ఒకప్పుడు కఫీల్ పేరు చాటున సాగిన వ్యాపారం నేడు సొంత పేరుతో సాగించే వీలు కలిగింది. ఆ పేరుకు వచ్చే నోటీసు కూడా సొంతదేనని గుర్తుంచుకుని అడుగు వేసినవారికి ఈ అవకాశం అక్కరకు వస్తుంది.